మిరపలో రెండు బూజు విషాలు కలిసినప్పుడు: జన్యు హానిని తేల్చడానికి ఏ పరీక్ష ఎంచుకోవాలి

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిరప బస్తా) విప్పి చెయ్యి పెట్టగానే తేమ తెలుస్తుంది, తాలు తెలుస్తుంది, రంగు తెలుస్తుంది. కాయ లోపల గింజల చుట్టూ పెరిగిన బూజు ఏం వదిలిందో మాత్రం చేతికి తెలియదు. అది వదిలే విషం ఒక్కటే అయి ఉండాలనీ లేదు. ఒక కాయలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ వల్ల అఫ్లాటాక్సిన్ బీ1 చేరితే, అదే కల్లం మీద ఆరిన పక్క కాయలో ఆస్పర్‌జిల్లస్ కార్బొనేరియస్ వల్ల ఓక్రాటాక్సిన్ ఏ చేరొచ్చు. బస్తాలోకి తొక్కేటప్పుడు కాయ విరక్కుండా నీళ్లు చల్లితే రెండు బూజులకీ అనుకూలమే. కారం పట్టాక రెండు విషాలూ ఒకే డబ్బాలో ఉంటాయి. తినేవాళ్ల ఒంట్లోకి కలిసే వెళ్తాయి. పరిమితులు మాత్రం వేటికవే విడివిడిగా రాసి ఉంటాయి. కలిసినప్పుడు డీఎన్‌ఏకి జరిగే హాని విడివిడి హానుల మొత్తమేనా, ఎక్కువా, తక్కువా అన్న ప్రశ్నకి జవాబు చెప్పే పరీక్షలు నాలుగైదు ఉన్నాయి. వాటిలో మీకేది కావాలో ఇక్కడ చూద్దాం.

ఈ పరీక్ష ఎవరికి అవసరం లేదు

సరుకు ఎగుమతి చేసేవాళ్లకి జన్యు విషత్వ పరీక్ష, అంటే డీఎన్‌ఏకి హాని జరుగుతుందా అని చూసే పరీక్ష, అక్కర్లేదు. వాళ్లకి కావలసింది విషం ఎంతుందన్న కొలత. యూరప్‌కి వెళ్లే ఎండుమిర్చిలో బీ1 కిలోకి 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10, ఓక్రాటాక్సిన్ ఏ 20 దాటకూడదు. మన ఆహార భద్రత ప్రమాణాల్లో మసాలా దినుసులకి మొత్తం అఫ్లాటాక్సిన్ల పరిమితి కిలోకి 30 మైక్రోగ్రాములు. ఈ కొలతలు పదార్థాలని విడదీసి కొలిచే యంత్రాల మీద, హెచ్‌పీఎల్‌సీ మీదనో ఎల్‌సీ-ఎంఎస్ మీదనో వస్తాయి. స్పైసెస్ బోర్డు నాణ్యత పరీక్ష ల్యాబ్ గుంటూరులోనే ఉంది. కణాలకి విషం పెట్టి చేసే పరీక్షల్లో ఏది చేయించినా ఆ సరుకు ఓడ ఎక్కదు, డబ్బు మాత్రం ఖర్చవుతుంది.

నిజంగా అవసరమయ్యేది ఇద్దరికి. ఒకరు, విషాల కలయిక మీద పనిచేసే పరిశోధక విద్యార్థులు, ప్రమాద అంచనా వేసేవాళ్లు. రెండోవారు, ఓజోన్, అమ్మోనియా, వేడి లాంటి పద్ధతులతో విషాన్ని తగ్గించే ప్రక్రియలు తయారుచేసేవాళ్లు. వీళ్ల విషయంలో రసాయన కొలత ఒక్కటే చాలదు. యంత్రం గీసే గ్రాఫులో బీ1 శిఖరం (పీక్) తగ్గిందంటే విషం పోయిందని అర్థం కాదు. విరిగిన ముక్కలకి కూడా డీఎన్‌ఏని గాయపరిచే గుణం మిగిలి ఉండొచ్చు. ఆ సంగతి కణాలే చెప్పాలి.

ముందు విషాల జంట, ఆ తర్వాతే పరీక్ష

ల్యాబులో ఏ పరికరం ఉందో చూసి దానికి తగ్గ పరీక్ష పెట్టుకోవడం ఎక్కువ మంది చేసే పని. కలయికల దగ్గర అలా చేస్తే దెబ్బతింటారు. ఎందుకో తెలియాలంటే ఒక్కో విషం పనిచేసే తీరు చూడాలి.

అఫ్లాటాక్సిన్ బీ1 ఉన్నదున్నట్టుగా డీఎన్‌ఏని తాకదు. కాలేయంలోని సైటోక్రోమ్ పీ450 ఎంజైములు, ముఖ్యంగా 3ఏ4, 1ఏ2, దాన్ని 8,9-ఎపాక్సైడ్‌గా మారుస్తాయి. ఆ ఎపాక్సైడ్ డీఎన్‌ఏలోని గ్వానిన్ 7వ నైట్రోజన్‌కి అతుక్కుంటుంది. కాబట్టి ఈ ఎంజైములు లేని పరీక్షలో బీ1 అమాయకంగా కనిపిస్తుంది. స్టెరిగ్మాటోసిస్టిన్ అనే ఇంకో బూజు విషానిదీ ఇదే దారి. ఈ రెంటినీ కలిపితే ఒకే ఎంజైము కోసం పోటీ పడతాయి.

ఓక్రాటాక్సిన్ ఏ సంగతి వేరు. బ్యాక్టీరియా పరీక్షల్లో అది సాధారణంగా ఏమీ చూపించదు. ఆక్సీకరణ ఒత్తిడి ద్వారా, కణ విభజనని చెడగొట్టడం ద్వారా హాని చేస్తుందని ఆధారాలున్నాయి. నేరుగా డీఎన్‌ఏకి అతుక్కుంటుందా అన్నది తేలకనే యూరోపియన్ ఆహార భద్రత సంస్థ 2020లో దీనికి సురక్షిత మోతాదు ప్రకటించకుండా, హాని చేసే మోతాదుకీ మనుషుల ఒంట్లోకి వెళ్లే మోతాదుకీ మధ్య అంతరం చూసే పద్ధతికి మారింది. మొక్కజొన్నలో వచ్చే ఫ్యూమోనిసిన్ బీ1 అనే వేరే విషం సెరమైడ్ సింథేజ్ అనే ఎంజైముని అడ్డుకుంటుంది. అక్కడే కనిపించే డీఆక్సీనివలెనాల్ రైబోజోముల మీద పడి ప్రొటీన్ తయారీని ఆపేస్తుంది. ప్రొటీన్ తయారీ ఆగితే కణం విభజన చెందదు, మరమ్మతు ఎంజైములూ తయారుకావు. విభజన మీద ఆధారపడిన పరీక్షని అది ఏ విషంతో కలిసినా తప్పుదారి పట్టిస్తుంది.

మిరపలో ఎక్కువగా ఆలోచించాల్సిన జంట బీ1, ఓక్రాటాక్సిన్. ఇక్కడే అసలు చిక్కు ఉంది. బీ1 పనిచేయాలంటే కాలేయ ఎంజైములు కావాలి. బయటినుంచి ఎస్9 (కాలేయ ఎంజైములున్న సారం) రూపంలో ఇస్తే అది కణాలకే విషం కనుక 3 నుంచి 6 గంటలకి మించి ఉంచలేం. ఓక్రాటాక్సిన్ ప్రభావం నిదానంగా వస్తుంది, 24 గంటలైనా కావాలి. పైగా అది ప్రొటీన్లకి గట్టిగా అతుక్కుంటుంది కాబట్టి ఎస్9లోని ప్రొటీన్ దాన్ని పట్టి ఉంచేస్తుంది. ఒకదానికి కావలసిన ఏర్పాటు రెండోదాన్ని దాచేస్తుంది. కింద చెప్పే ప్రతి పరీక్షనీ ఈ ఒక్క ప్రశ్నతో తూచండి: రెండు విషాలకీ ఒకే గిన్నెలో, ఒకే సమయంలో పనిచేసే అవకాశం ఇస్తుందా?

ఏమ్స్ పరీక్ష

విషం వల్ల బ్యాక్టీరియా జన్యువులో మార్పు (ఉత్పరివర్తన) వస్తుందా అని చూసే పరీక్ష ఇది. తక్కువ పరికరాలతో అయిపోయేది ఇదే. ఆటోక్లేవ్, 37 డిగ్రీల ఇంక్యుబేటర్, విషాలతో పనిచేయడానికి తగిన హుడ్ ఉంటే చాలు. పరీక్షల నియమాలు రాసే అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ 471వ మార్గదర్శకం ప్రకారం ఐదు స్ట్రెయిన్లు (బ్యాక్టీరియా రకాలు) కావాలి: సాల్మొనెల్లా టీఏ 98, టీఏ 100, టీఏ 1535, టీఏ 1537, వాటితో పాటు టీఏ 102 లేదా తగిన ఈ.కోలై. 45 డిగ్రీల దగ్గర ఉంచిన 2 మిల్లీలీటర్ల టాప్ అగార్‌లో (మెత్తటి జెల్) 0.1 మిల్లీలీటరు బ్యాక్టీరియా, 0.5 మిల్లీలీటరు ఎస్9 మిశ్రమం, విషం వేసి ప్లేటు మీద పోసి 48 నుంచి 72 గంటలు ఉంచుతారు. కనీసం ఐదు మోతాదులు, మోతాదుకి మూడు ప్లేట్లు.

బీ1ని ఇది ఎస్9తో చక్కగా పట్టుకుంటుంది. బీ1, స్టెరిగ్మాటోసిస్టిన్ జంటకి, ఓజోన్ చికిత్స తర్వాత మిగిలిన బీ1 ముక్కలకి ఇది మంచి ఎంపిక. ఓక్రాటాక్సిన్ ఉన్న జంటకి మాత్రం వద్దు. అక్కడ మీకొచ్చేది బీ1 ఒక్కదాని అంకె. దాన్ని చూసి కలయిక ప్రభావం లేదని రాస్తే అది పరీక్షకి ఆ కన్ను లేకపోవడమే తప్ప విషాల మంచితనం కాదు.

మిరప సారాన్ని నేరుగా వేసినప్పుడు ఇంకో తప్పు జరుగుతుంది. ఈ బ్యాక్టీరియాకి హిస్టిడిన్ తయారుచేసుకోవడం రాదు. ఉత్పరివర్తనతో ఆ శక్తి తిరిగి వచ్చినవే కాలనీలవుతాయి. ఆహార సారంలో హిస్టిడిన్ ముందే ఉంటే ఉత్పరివర్తన లేకుండానే కాలనీలు లేస్తాయి. టీఏ 98లో మామూలుగా ప్లేటుకి 20 నుంచి 50 కాలనీలు ఉండాల్సిన చోట వందలు కనిపిస్తే సంబరపడకండి. ముందు కాలనీల వెనక పలచని పొరలా పెరిగిన బ్యాక్టీరియా ఎంత దట్టంగా ఉందో చూడండి. మామూలుకంటే దట్టంగా ఉంటే అది హిస్టిడిన్ పనే. పలచబడి సూది మొనల్లాంటి కాలనీలు కనిపిస్తే సారం బ్యాక్టీరియాని చంపుతోందని అర్థం.

మైక్రోన్యూక్లియస్ పరీక్ష

కలయికల కోసం ఒక్కటే ఎంచుకోమంటే మా ఓటు దీనికే. విరిగిన క్రోమోజోమ్ ముక్క అయినా, విభజనలో దారి తప్పిన పూర్తి క్రోమోజోమ్ అయినా కణంలో చిన్న రెండో కేంద్రకంలా మిగిలిపోతుంది. బీ1 చేసే విరుపులు, ఓక్రాటాక్సిన్ చేసే విభజన లోపాలు రెండూ ఒకే లెక్కలోకి వస్తాయి. సెంట్రోమియర్‌ని (విభజనలో క్రోమోజోమ్‌ని పట్టి లాగే చోటు) గుర్తించే యాంటీబాడీ వేస్తే ఏది ఎంతో విడదీయొచ్చు కూడా. ఆ పని ఏమ్స్ వల్లా కాదు, కామెట్ వల్లా కాదు.

ఓఈసీడీ 487 ఒప్పుకునే పద్ధతుల్లో ఒకటి: విషం పెట్టాక సైటోకలసిన్ బీ వేసి కణం రెండుగా చీలకుండా ఆపి, రెండు కేంద్రకాలున్న కణాల్లో మాత్రమే లెక్కపెట్టాలి. మోతాదుకి 2000 కణాలు. మొత్తం కాలం 1.5 నుంచి 2 విభజన కాలాలు. అత్యధిక మోతాదులో కణ విషత్వం 55 శాతం దగ్గర ఆగాలి, 5 శాతం అటూ ఇటూ. హెప్‌జీ2 కణాలు (మనిషి కాలేయ క్యాన్సర్ నుంచి తీసి ల్యాబులో పెంచేవి) ఎంతసేపటికి రెట్టింపవుతాయో మీ ల్యాబులో మీరే కొలవండి. పుస్తకంలో అంకె తెచ్చి పెట్టుకుంటే విభజన కాకముందే ఆపేసి, కణాలు లేవని విచారించాల్సి వస్తుంది.

సైటోకలసిన్ బీ స్వయంగా ఒక బూజు తయారుచేసే పదార్థమని గుర్తుంచుకోవాలి. రెండు విషాల కలయిక అనుకుంటున్నది నిజానికి మూడు విషాల కలయిక. అందుకే కంట్రోల్ (విషం వేయని గిన్నె) సహా అన్ని గిన్నెల్లో దాని మోతాదు, వేసిన సమయం ఒకటే ఉండాలి. విషాన్ని కడిగేశాకే దాన్ని వేయడం ఇంకా మంచిది.

కణాల ఎంపికలో రెండు దార్లు. హెప్‌జీ2 చవక, త్వరగా పెరుగుతుంది. కానీ పీ450 ఎంజైములు తక్కువ, అందుకని బీ1 బలం తక్కువగా కనిపిస్తుంది. హెపారీజీ అనే మరో కాలేయ కణాల్లో ఎంజైములు బాగా ఉంటాయి. అయితే రెండు వారాల పెంపకం, మరో రెండు వారాలు 2 శాతం డీఎంఎస్ఓ అనే ద్రావణిలో పరిపక్వత, మొత్తం నెల. పరిపక్వమయ్యాక అవి విభజన ఆపేస్తాయి కాబట్టి మైక్రోన్యూక్లియస్‌కి నేరుగా పనికిరావు. అందువల్ల మైక్రోన్యూక్లియస్‌కి హెప్‌జీ2, కింద చెప్పే గామా-హెచ్‌2ఏఎక్స్‌కి హెపారీజీ అన్నది సరైన జోడింపు.

డీఆక్సీనివలెనాల్ ఉన్న మొక్కజొన్న మిశ్రమానికి ఈ పరీక్ష పెట్టకండి. కణాలు విభజన ఆపేస్తే మైక్రోన్యూక్లియస్‌లు తగ్గుతాయి, ఒక విషం రెండోదానికి విరుగుడైనట్టు కనిపిస్తుంది. రెండు కేంద్రకాల కణాల శాతం కంట్రోల్‌తో పోల్చి రాయని ఏ ఫలితాన్నీ నమ్మవద్దు.

కామెట్

జెల్‌లో కణాలని బంధించి, కరిగించి, కరెంటు పెడితే తెగిన డీఎన్‌ఏ తోకలా సాగుతుంది. వేగంగా అయిపోతుంది, విభజనతో పనిలేదు. ఎఫ్‌పీజీ ఎంజైము కలిపితే ఆక్సీకరణ గాయాలు కూడా బయటపడతాయి, ఓక్రాటాక్సిన్‌కి అది ఉపయోగం. కానీ ఇది ఆ క్షణపు గాయాన్నే చూపిస్తుంది. కణం దాన్ని బాగుచేసుకునేదో లేదో చెప్పదు.

గుంటూరు మే నెలలో దీని ప్రధాన శత్రువు వేడి. క్షార ద్రావణం పీహెచ్ 13 పైన ఉండాలి, డీఎన్‌ఏ పోగులు విప్పడం, కరెంటు పెట్టి నడపడం (ఎలక్ట్రోఫోరెసిస్) రెండూ 4 డిగ్రీల దగ్గర జరగాలి. ట్యాంకు చుట్టూ ఐసు పెట్టి బల్ల మీద నడిపితే ఉదయం స్లైడ్లకీ మధ్యాహ్నం స్లైడ్లకీ తోక పొడవు మారిపోతుంది. కోల్డ్ రూమ్ లేకపోతే ఈ పరీక్ష పెట్టుకోకండి. ఓల్టేజీ సెంటీమీటరుకి 0.7 నుంచి 1 ఓల్టు. ఎలక్ట్రోడ్ల మధ్య 30 సెంటీమీటర్లుంటే కనీసం 21 ఓల్టులు. కరెంటు ఎక్కువైతే ఓల్టేజీ తగ్గించకండి, ద్రావణం మట్టం తగ్గించండి. మధ్యలో కరెంటు పోతే ఆ విడత స్లైడ్లన్నీ పక్కన పెట్టాల్సిందే. విరామం తర్వాత కొనసాగిస్తే క్షారంలో ఉన్న సమయం మారిపోతుంది.

గామా-హెచ్‌2ఏఎక్స్

డీఎన్‌ఏ రెండు పోగులూ తెగినచోట హెచ్‌2ఏఎక్స్ అనే హిస్టోన్‌కి (డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రొటీన్) 139వ స్థానంలోని సెరీన్ దగ్గర ఫాస్ఫేట్ చేరుతుంది. దాన్ని యాంటీబాడీతో 96 గుంటల ప్లేటులోనే కొలుస్తారు, అదే గుంటలో డీఎన్‌ఏ రంగుతో కణాల సంఖ్యా వస్తుంది. కలయికల పనికి మోతాదులు చాలా కావాలి కనుక ఇంత తక్కువ చోటులో అయిపోవడం పెద్ద సౌలభ్యం. లోపాలు రెండు. చచ్చిపోతున్న కణం కూడా ఈ సంకేతం ఇస్తుంది, కాబట్టి సగానికి పైగా కణాలు పోయిన గుంటలని లెక్కలోంచి తీసేయాలి. రెండోది, క్రోమోజోమ్‌ని విరగ్గొట్టకుండా దారి తప్పించే విషాలు దీనికి దొరకవు. అందుకే ఓక్రాటాక్సిన్ ఉన్నప్పుడు విభజనలో ఉన్న కణాలని చూపే ఫాస్ఫో హిస్టోన్ హెచ్3 కూడా పక్కనే కొలవాలి.

జంతువుల మీద చేసేవి, ఓఈసీడీ 474, 489, చివరి మెట్టు. సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి లేనిదే మొదలుపెట్టలేరు. కణాల మీద స్పష్టమైన ప్రశ్న తయారవకముందే ఎలుకల దాకా పోవడం అన్యాయం.

కలిపే నిష్పత్తి

రెండు విషాలనీ సమాన బలంతో కలపాలని చాలామంది ఒక్కో విషం సగం కణాలని చంపే మోతాదుల నిష్పత్తి తీసుకుంటారు. గణితం తేలికవుతుంది గానీ అలాంటి నిష్పత్తి ఏ కాయలోనూ ఉండకపోవచ్చు. ఆహారంలోని నిష్పత్తి తీసుకోండి. యూరప్ పరిమితుల దగ్గర బీ1 5, ఓక్రాటాక్సిన్ 20 మైక్రోగ్రాములు, బరువులో 1:4. కానీ కణాలకి లెక్క మోల్‌లలో, అంటే బరువుతో కాక అణువుల సంఖ్యతో. బీ1 అణుభారం 312.3, ఓక్రాటాక్సిన్ ఏ 403.8. అంటే 0.0160, 0.0495 మైక్రోమోళ్లు, నిష్పత్తి 1:3.1. బీ1 1 మైక్రోమోలార్ పెడితే ఓక్రాటాక్సిన్ 3.1 పెట్టాలి. మొదటి విడతలో బీ1 0.1 నుంచి 10, ఓక్రాటాక్సిన్ 1 నుంచి 50 మైక్రోమోలార్ మధ్య విడివిడి వక్రాలు గీసుకుని, తర్వాత ఈ నిష్పత్తిని మార్చకుండా మొత్తం మోతాదు మార్చుకుంటూ వెళ్లండి.

స్వచ్ఛమైన విషాలు కొనడం దండగ, మిరప సారమే వాడదాం అనుకునేవాళ్లు ఈ లెక్క చూడాలి. 10 మిల్లీలీటర్లలో 1 మైక్రోమోలార్ బీ1కి 3.1 మైక్రోగ్రాములు కావాలి. కిలోకి 5 మైక్రోగ్రాములున్న కాయ అయితే 620 గ్రాములు కావాలి. కాయలో క్యాప్సైసిన్ 0.5 శాతమని అనుకుంటే 3 గ్రాములకి పైగా కారం ఆ 10 మిల్లీలీటర్లలోకి వస్తుంది. ఏ కణమూ బతకదు. ఎంచుకున్న విషాన్ని మాత్రమే యాంటీబాడీతో పట్టే ఇమ్యునోఅఫినిటీ కాలమ్ గుండా పంపితే కారం పోతుంది, దాంతోపాటు కాలమ్‌కి తెలియని విషాలూ పోతాయి. అందుకే ముందు స్వచ్ఛ విషాలతో మొదలుపెట్టి, శుద్ధిచేసిన సారాన్ని నిర్ధారణకి మాత్రమే వాడాలి.

డీఎంఎస్ఓ మొత్తం అన్ని గుంటల్లో ఒకే శాతం, 0.5 దాటకుండా ఉండాలి. ఒక్కో విషంతో 0.5 వేసి కలిపిన గుంటలో 1 శాతం చేస్తే మీరు చూసేది ద్రావణి ప్రభావం. కణాలకి ఆహారంగా వేసే సీరం కూడా అంతే: ఓక్రాటాక్సిన్ అందులోని ఆల్బుమిన్ ప్రొటీన్‌కి అతుక్కుంటుంది కనుక సీరం శాతం మారిన ప్లేట్లని పోల్చకూడదు. బీ1కి వెలుతురు పడదు, గోధుమరంగు సీసాలు వాడండి.

ఎంత రావాలో లెక్కవేయడం

తప్పులు ఎక్కువ జరిగేది ప్లేటు మీద కాదు, ఇక్కడ. ఊహించిన అంకెలతో ఒక ఉదాహరణ: కంట్రోల్‌లో 1000 కణాలకి 10 మైక్రోన్యూక్లియస్‌లు, బీ1తో 25, ఓక్రాటాక్సిన్‌తో 16, కలిపితే 31. పాతిక, పదహారు కలిపి 41 రావాలి, 31 వచ్చింది, కాబట్టి ఒకదానికొకటి విరుగుడని రాసేస్తారు. కంట్రోల్‌లోని 10ని రెండుసార్లు కూడిన ఫలితం అది. బీ1 వాటా 15, ఓక్రాటాక్సిన్ వాటా 6, కంట్రోల్ 10: రావాల్సింది సరిగ్గా 31. అది మామూలు కూడిక మాత్రమే.

మోతాదు పెరిగేకొద్దీ ప్రభావం నేరుగా పెరగని చోట ఈ కూడిక కూడా చాలదు. అప్పుడు మోతాదులని పోల్చాలి. ఒకే స్థాయి ప్రభావానికి బీ1 ఒంటరిగా 2 మైక్రోమోలార్, ఓక్రాటాక్సిన్ ఒంటరిగా 20 కావాలనుకోండి. మిశ్రమంలో బీ1 0.8, ఓక్రాటాక్సిన్ 2.48తోనే ఆ స్థాయి వస్తే, 0.4, 0.124 కలిపి 0.52. ఈ కలయిక సూచిక 1 కన్నా తక్కువైతే ఒకదాన్నొకటి పెంచుతున్నాయి, ఎక్కువైతే తగ్గిస్తున్నాయి. మూడు వేర్వేరు విడతల తర్వాత సూచిక అసలు విలువ ఉండగల విశ్వాస పరిధి మొత్తం 1కి కింద ఉంటేనే పెంపు అని రాయండి.

మీ ఏర్పాటు నమ్మదగినదో కాదో తెలుసుకోవడానికి ఒక ఉత్తుత్తి మిశ్రమం పెట్టండి. బీ1 ద్రావణాన్నే రెండు సీసాల్లో పోసి ఒకటి ఏ, రెండోది బీ అని రాసి, రెండు విషాల్లాగే కలిపి పరీక్షించండి. సూచిక 1 దగ్గర రావాలి. రాకపోతే పిపెట్‌లోనో గణితంలోనో లోపం ఉంది. అది దొరికేదాకా అసలు మిశ్రమం జోలికి వెళ్లకండి.

ఎవరికి ఏది

కాలేజీ ల్యాబులో కణాలు పెంచే సౌకర్యం లేకపోతే ఏమ్స్, అదీ బీ1, స్టెరిగ్మాటోసిస్టిన్ జంటకే. కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్, ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్ ఉంటే హెప్‌జీ2లో 24 గంటల మైక్రోన్యూక్లియస్. బీ1, ఓక్రాటాక్సిన్ రెంటికీ ఒకే గిన్నెలో న్యాయం జరిగేది దీనిలోనే. ప్లేటు స్కానర్ ఉన్నవాళ్లు గామా-హెచ్‌2ఏఎక్స్‌తో నిష్పత్తులన్నీ జల్లెడ పట్టి, తేడా కనిపించిన రెండు మూడింటిని మైక్రోన్యూక్లియస్‌తో తేల్చుకోవాలి. మొక్కజొన్న, డీఆక్సీనివలెనాల్ అయితే గామా-హెచ్‌2ఏఎక్స్‌తో పాటు కోల్డ్ రూమ్ ఉంటే కామెట్.

నమూనా విషయంలో ఒక జాగ్రత్త. విషం సరుకంతా సమానంగా ఉండదు, కొన్ని కాయల్లోనే కుప్పపడుతుంది. చాలా టిక్కీల్లోంచి తీసి, మొత్తం పొడి కొట్టి కలిపాకే తూకం వేయండి. కాయలని గోనెసంచిలో బల్ల కింద పెట్టి జులైలో తీస్తే, మీరు కొలిచేది యార్డులో ఉన్న విషాన్ని కాదు, మీ ల్యాబులో వానాకాలంలో పెరిగిన బూజుని. పొడి కొట్టిన రోజే తేమ కొలిచి రాసుకుని, గాలి చొరని కవర్లలో మైనస్ 20 డిగ్రీల్లో పెట్టేయండి.